అల్ట్రాసోనిక్ టెస్టింగ్ పని నుంచి భూభౌతికశాస్త్రంలో పీహెచ్‌డీకి దారి ఉందా?

పుత్తూరు_వాసి (అంబత్తూరు, చెన్నై)

అందరికీ నమస్కారం. మాది పుత్తూరు. తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ 61 శాతంతో పూర్తిచేసి, చెన్నైలో వెల్డింగులు తనిఖీ చేసే ఒక చిన్న సంస్థలో చేరాను. అల్ట్రాసోనిక్‌లో, అంటే చెవికి వినబడని ధ్వని తరంగాలతో చేసే తనిఖీలో, లెవెల్ 2 సర్టిఫికెట్ ఉంది, ఫేజ్డ్ అరే (ఒకే ప్రోబ్‌లో చాలా మూలకాలుండే పద్ధతి) కూడా చేస్తాను. వయసు 28.

ఈ పని చూడనివారి కోసం రెండు మాటలు. వెల్డు పక్కన ప్లేటు మీద గ్రీజు రాసి, దాని మీద తరంగాలను పంపి అందుకునే ప్రోబ్ ఆనించి ముందుకూ వెనక్కూ జరుపుతాం. ప్రోబ్ నుంచి లోపలికి వెళ్లిన తరంగం ఎక్కడైనా పగులుకో, ఖాళీకో తగిలి తిరిగి వస్తే తెర మీద ఒక శిఖరం లేస్తుంది. అది ఎంతసేపటికి వచ్చిందో చూసి లోపం ఎంత లోతులో ఉందో చెబుతాం. మామూలు ఉక్కులో ఇది చక్కగా సాగుతుంది.

ఆమధ్య మందమైన స్టెయిన్‌లెస్ స్టీలు వెల్డు ఒకటి వచ్చింది. పరీక్ష కోసం తెలిసిన లోతులో రంధ్రం వేసిన ముక్క అది. వెల్డుకు ఇటువైపు నుంచి చూస్తే రంధ్రం ఉండాల్సిన చోటే కనబడింది. అటువైపు నుంచి, అంటే తరంగం వెల్డును దాటుకుని వెళ్లేలా చూస్తే రంధ్రం కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరిగినట్టు చూపించింది. ఎస్ తరంగం (కణాలు అడ్డంగా ఊగేది) ప్రోబ్‌తో అయితే అసలు కనబడనే లేదు. అది తీసి పీ తరంగాన్ని (కణాలు తరంగం వెళ్లే దిశలోనే ఊగేది) ఏటవాలుగా పంపే యాంగిల్ ప్రోబ్ పెడితే కాస్త నయం. మా సీనియర్ “స్టెయిన్‌లెస్ అంటే అంతే, తనిఖీ నిబంధనల కోడ్‌లో ఏం రాసి ఉంటే అది చెయ్యి” అన్నారు. పని వరకు ఆ మాట చాలు. కానీ ఆ తరంగం లోపల ఏ దారిలో వెళ్లింది, ఎందుకు వంగింది అన్నది నన్ను వదలడం లేదు.

దాని గురించి వెతుకుతూ పోతే భూకంప తరంగాల దగ్గర తేలాను. అవే సమీకరణాలు, అదే పీ, అదే ఎస్. ఇక అప్పటి నుంచి ఇలా ఘనపదార్థాల్లో సాగే స్థితిస్థాపక తరంగాల మీదే పరిశోధన చేయాలని మనసు పట్టేసింది. నా సందేహాలు ఇవి. భూగర్భశాస్త్రం ఒక్క పేపరు కూడా చదవని నన్ను భూభౌతికశాస్త్రం పీహెచ్‌డీకి తీసుకుంటారా? ముందు ఆ సబ్జెక్టులో ఇంకో ఎమ్మెస్సీ చేయాలా? గేట్ అయితే ఏ పేపరు రాయాలి? నాలుగేళ్ల ఉద్యోగం దరఖాస్తులో మైనస్ అవుతుందా? ఇంట్లో నాన్న వేరుశనగ సేద్యం చేస్తారు, చెల్లెలి చదువు ఇంకా ఉంది. జీతం పూర్తిగా ఆగిపోతే కుదరదు.

కోయంబేడు_నివాసి

బాబూ, నేను ఈ రంగంలోనే పెద్దవాడిని, అందుకే చెబుతున్నాను. ఉద్యోగం అప్పుడే వదలకండి. లెవెల్ 3 చేసుకుంటే గల్ఫ్‌లోనూ ఇక్కడా మంచి జీతాలు ఉన్నాయి. పీహెచ్‌డీ అంటే ఐదేళ్లు తక్కువ కాదు.

అయినా చేయాలనే ఉంటే గేట్ రాయండి. ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఉద్యోగంలో ఉంటూనే రాసి పక్కన పెట్టుకోవచ్చు. నా అభిప్రాయంలో మీరు నేరుగా పీహెచ్‌డీకి వెళ్లకుండా ఉస్మానియాలోనో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో భూభౌతికశాస్త్రం ఎమ్మెస్సీ చేసి వెళితే పునాది గట్టిపడుతుంది. పునాది లేకుండా ఇంటర్వ్యూలో కూర్చుంటే మొదటి ప్రశ్నకే ఇబ్బంది.

పెన్నేటి_గట్టు (బెంగళూరు)

పుత్తూరు తమ్ముడూ, నేను స్థితిస్థాపక తరంగాల మీదే పనిచేస్తున్నాను. ఫిజిక్స్ చదివి ఈ వైపు వచ్చినదాన్నే. మాది హిందూపురం పక్కన పల్లె. కోయంబేడు గారు మీ మేలు కోరే చెప్పారు, కానీ రెండో ఎమ్మెస్సీ మాటతో నేను ఏకీభవించను. రెండేళ్లు, ఫీజులు, పైగా జీతం లేదు. మీకు లోటున్నది భూగర్భశాస్త్రంలో. దాన్ని కోర్సువర్క్‌లో పూరించుకోవచ్చు. పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో కోర్సువర్క్ పెట్టేది అందుకే. ఫిజిక్స్, గణితం, మెకానికల్ నుంచి వచ్చినవాళ్లను ఈ విభాగాలు ఎప్పటినుంచో తీసుకుంటున్నాయి. తరంగ సిద్ధాంతం వైపైతే అలాంటివాళ్ల కోసం చూస్తాయి కూడా.

మీరు ఉద్యోగం మైనస్ అవుతుందా అని అడిగారు చూడండి, అక్కడ నేను ఆగిపోయాను. మీ దరఖాస్తులో అన్నిటికంటే బలమైన భాగం అదే. మీరు రోజూ చేతితో చేస్తున్న పని ఏమిటో ఒకసారి నా వైపు నుంచి చూడండి.

మీ యాంగిల్ ప్రోబ్ కింద ఉండే పెర్‌స్పెక్స్ (గాజులాంటి ప్లాస్టిక్) చీలికలో పీ వేగం సెకనుకు 2730 మీటర్లు. ఉక్కులో పీ వేగం 5900, ఎస్ వేగం 3240 ప్రాంతం. సరిహద్దు దగ్గర తరంగం ఎంత వంగుతుందో చెప్పే స్నెల్ నియమం ప్రకారం లెక్కవేస్తే మొదటి సందిగ్ధ కోణం (క్రిటికల్ యాంగిల్) 27.6 డిగ్రీలు, రెండోది 57.4 డిగ్రీలు వస్తాయి. ఈ రెంటి మధ్య కోణంలో పంపితే ఉక్కులోకి పీ తరంగం వెళ్లదు, ఎస్ ఒక్కటే వెళుతుంది. 60 డిగ్రీల ప్రోబ్‌లో చీలికను 47 డిగ్రీలకు కోసేది ఈ లెక్కతోనే. ఒక తరంగం సరిహద్దు దగ్గర మరో రకం తరంగంగా మారడం, అదే మా రంగానికి గుండెకాయ.

ఎక్కడో ఇండోనేషియాలో భూకంపం వస్తే, దాని పీ తరంగం కింది నుంచి పైకి వస్తూ భూపటలం (భూమి పైపొర) అడుగును తాకుతుంది. ఆ సరిహద్దును 1909లో మొహొరోవిచిచ్ కనిపెట్టారు, ఆయన పేరే దానికి ఉంది. అక్కడ పీలో కొంత భాగం ఎస్‌గా మారుతుంది. రెండూ కలిసి పైకి బయలుదేరుతాయి, ఎస్ నెమ్మది కాబట్టి వెనకబడుతుంది. తూర్పు ధార్వాడ్ క్రేటన్‌లో (అతి పురాతన శిలల ప్రాంతం), అంటే మన అనంతపురం వైపు, భూపటలం మందం 35 కి.మీ. ప్రాంతం. అక్కడ ఈ వెనకబాటు సుమారు 4 సెకన్లు వస్తుంది. పడమటి ధార్వాడ్‌లో కొన్నిచోట్ల మందం 50 కి.మీ. దాటుతుంది, అక్కడ ఇంకా ఎక్కువ. ఒక్క కేంద్రంలో పెట్టిన ఒక్క సీస్మోమీటరుతో కాళ్ల కింద 35 కిలోమీటర్ల లోతు కొలవగలుగుతున్నాం. మీరు ప్లేటు మందం కొలిచే తీరుకూ దీనికీ తేడా కొలమానంలోనే. మీకు 4 మెగాహెర్ట్జ్ దగ్గర ఎస్ తరంగదైర్ఘ్యం 0.8 మిల్లీమీటరు, నాకు 1 హెర్ట్జ్ దగ్గర పీ తరంగదైర్ఘ్యం 6 కిలోమీటర్లు.

ఫేజ్డ్ అరే చేస్తానన్నారు. మా ఊరికి దగ్గర్లోనే గౌరీబిదనూరులో భాభా అణు పరిశోధన కేంద్రం వారి సీస్మిక్ అరే 1960ల నుంచి ఉంది. సీస్మోమీటర్లను కిలోమీటర్ల పొడవున ఎల్ ఆకారంలో రెండు వరసలుగా పాతారు. ఎక్కడో దూరదేశంలో భూమి లోపల అణు పరీక్ష జరిగితే పసిగట్టడానికి పెట్టినది. ఒక్కో సీస్మోమీటరు సంకేతాన్ని తగినంత ఆలస్యం చేసి అన్నిటినీ కలిపితే, ఏ దిక్కు నుంచి వచ్చే తరంగం కావాలంటే అది పైకి తేలుతుంది, మిగతా గోల అణిగిపోతుంది. మీ ప్రోబ్‌లోని మూలకాలకు ఆలస్యాలు ఇచ్చి పుంజాన్ని వంచేది ఇదే సూత్రంతో కదా! ఇంటర్వ్యూలో మీరు ఈ ఒక్క పోలిక సమీకరణంతో సహా బోర్డు మీద వేసి చూపిస్తే, భూగర్భశాస్త్రం చదవలేదన్న సంగతి ఎవరూ పట్టించుకోరు.

ఇక స్టెయిన్‌లెస్ వెల్డు. అందులో లోహం గట్టిపడేటప్పుడు రేణువులు పొడవాటి స్తంభాల్లా ఒకే వైపుకు పెరుగుతాయి. దానితో తరంగ వేగం దిశను బట్టి మారుతుంది. అనైసోట్రపీ అంటాం. అలాంటి పదార్థంలో తరంగపు ముఖం ఒకవైపు చూస్తుంటే శక్తి మరోవైపు నడుస్తుంది. మీ రంధ్రం పక్కకు జరిగినట్టు కనబడింది అందుకే. పైగా రేణువులు పెద్దవి కావడంతో తరంగం చెదిరిపోతుంది. ఎస్ తరంగదైర్ఘ్యం పొట్టిది కాబట్టి దెబ్బ దానికే ఎక్కువ, పీ తట్టుకుంది. భూపటలం కింద ఉండే భూప్రావారంలో ఒలివిన్ అనే ఖనిజపు స్ఫటికాలు ఒకే వైపుకు సర్దుకున్నప్పుడూ ఇదే జరుగుతుంది. ఎస్ తరంగం రెండుగా చీలి, ఒకటి ముందూ ఒకటి వెనకా వస్తుంది. ఆ చీలిక నుంచి లోపలి రాయి ఏ వైపుకు సాగిందో చదువుతాం. షేల్ రాతిపొరల్లో చమురు వెతికేవాళ్లకూ ఇదే తలనొప్పి. దాన్ని లెక్కల్లోకి తేలిగ్గా తెచ్చింది థామ్సెన్ 1986లో రాసిన పత్రం. మీ సీనియర్ “అంతే” అని వదిలేసిన చోట ఒక పూర్తి పరిశోధనాంశం ఉంది, తమ్ముడూ.

అర్హతల సంగతి. పీహెచ్‌డీకి మాస్టర్స్‌లో 55 శాతం ఉండాలన్నది సాధారణ నియమం, రిజర్వేషన్ వర్గాలకు 50. మీకు 61 ఉంది, ఆ గుమ్మం దాటేశారు. గేట్‌లో ‘జియాలజీ అండ్ జియోఫిజిక్స్’ అని ఒక పేపరు ఉంది. అందులో ఉమ్మడి భాగం పోగా మిగతాది జియాలజీనా జియోఫిజిక్సా మీరే ఎంచుకోవచ్చు. జియోఫిజిక్స్ భాగంలో భూకంపశాస్త్రం, గురుత్వ, అయస్కాంత, విద్యుత్ పద్ధతులు, సీస్మిక్ పద్ధతులు, సంకేత విశ్లేషణ, ఇన్వర్షన్ (కొలతల నుంచి లోపలి నిర్మాణాన్ని రాబట్టడం) వస్తాయి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ వారికి ఇందులో సగం కొత్తదేమీ కాదు. ఫిజిక్స్ పేపరుతోనూ పిలిచే విభాగాలు ఉన్నాయి, ప్రకటన చదివి చూసుకోవాలి. నా సలహా జియోఫిజిక్స్ వైపే. చదివే క్రమంలో ఆ రంగం భాష మీకు అలవాటవుతుంది. సీఎస్‌ఐఆర్ నెట్‌లో భూమి, వాతావరణం, సముద్రం, గ్రహాల శాస్త్రాలకు వేరే పేపరు ఉంది, ఏటా రెండుసార్లు జరుగుతుంది. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధకులకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. ఇంటికి ఎంతో కొంత పంపగలరు. జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి ఉంది కాబట్టి ఈ పరీక్షను వాయిదా వేయవద్దు. గేట్‌కు వయసుతో పనిలేదు.

చోట్లంటారా, హైదరాబాదులో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ఉంది. 1961లో మొదలైన సంస్థ, అక్కడ పీహెచ్‌డీ నమోదు సీఎస్‌ఐఆర్ సంస్థల్లో డిగ్రీలిచ్చే ఏసీఎస్‌ఐఆర్ ద్వారా జరుగుతుంది. బెంగళూరు ఐఐఎస్సీలో భూశాస్త్రాల కేంద్రం ఉంది. ఖరగ్‌పూర్, ధన్‌బాద్, రూర్కీ, బొంబాయి ఐఐటీలు ఉన్నాయి. కానీ సంస్థ పేరు చూసి దరఖాస్తు పెట్టకండి. తరంగాల మీద ఎవరు పనిచేస్తున్నారో, వారి ఇటీవలి పత్రాలు ఏమిటో చూసి పెట్టండి. ఐదేళ్లు మీరు మెలగవలసింది భవనంతో కాదు, ఆ మనిషితో.

పుత్తూరు_వాసి

అక్కా, రంధ్రం ఎందుకు జరిగిందో ఇన్నాళ్లకు ఒకరు చెప్పారు. మీ జవాబు ప్రింటు తీసి పనిచోటుకు తీసుకెళ్లాను, మా సీనియర్ కూడా నిలబడి మొత్తం చదివారు.

ఇంకో రెండు సందేహాలు. నాకు పైథాన్ కొద్దిగా వచ్చు, గ్రాఫులు గీయడం వరకే. అది చాలుతుందా? విదేశాల మాటేమిటి? మా బ్యాచ్‌లో ఒకరు జీఆర్‌ఈ లేకపోతే అమెరికా మరచిపోవచ్చు అంటున్నారు.

వానచినుకు

విదేశాల సంగతి నేను చెబుతాను. చెన్నైలో ఎమ్మెస్సీ చేసి జర్మనీలో ఇదే రంగంలో చదువుతున్నాను.

జీఆర్‌ఈ మాట పాతబడింది. అమెరికాలో చాలా భూశాస్త్ర విభాగాలు దాన్ని తీసేశాయి. వారు చూసేది మూడు సిఫారసు లేఖలు, మీరు రాసే ఉద్దేశ పత్రం (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్), ఆ ప్రొఫెసరు దగ్గర డబ్బు ఉందా లేదా. అందుకే దరఖాస్తుకు ముందే వారికి ఈమెయిలు రాయాలి. గడువులు డిసెంబరు, జనవరి మొదట్లో ఉంటాయి కనుక సెప్టెంబరులోనే రాయడం మొదలుపెట్టండి. సీటు వస్తే ట్యూషన్ ఫీజు వారే భరించి నెలనెలా స్టైపెండ్ ఇవ్వడం అక్కడ సైన్సు పీహెచ్‌డీల్లో మామూలే. జర్మనీలో మాస్టర్స్ తప్పనిసరి, అది మీకు ఉంది. ఇక్కడ పీహెచ్‌డీ అంటే చాలావరకు ఉద్యోగ ప్రకటనలాగే వస్తుంది, జీతం ఒప్పందంతో. ఏడాది పొడవునా ఎప్పుడైనా రావచ్చు.

లేఖల కోసం మీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు గైడును ఇప్పుడే కలవండి. తిరుపతి ఎంత దూరం, ఒక శనివారం వెళ్లి రండి. నాలుగేళ్లకు ఆయనకు మీ ముఖం గుర్తుండవచ్చు, మీ ప్రాజెక్టు గుర్తుండకపోవచ్చు. రిపోర్టు కాపీ చేతిలో పెట్టండి. ఇంకో లేఖ మీ సీనియర్‌తో రాయించండి. స్టెయిన్‌లెస్ ముక్క కథ ఆయన నోట వస్తే దానికి వచ్చే విలువ వేరు.

పెన్నేటి_గట్టు

వానచినుకు చెప్పినదానికి నేను కలిపేది లేదు. పైథాన్ సంగతి మాత్రం చెబుతాను. గ్రాఫులు గీయడం చాలదు. తరంగాన్ని మీరే కంప్యూటరులో నడిపించాలి. కష్టమేమీ కాదు, అయితే ఒకరి కోడ్ తెచ్చి నడిపితే లాభం లేదు, ప్రతి పంక్తీ మీరే రాయాలి.

వీరియో 1986లో రాసిన పత్రం తీసుకోండి. పీ, ఎస్ తరంగాలను రెండు కొలతల్లో నడిపే పద్ధతి అందులో ఉంది. ముక్కను చిన్న చిన్న గడులుగా విడగొట్టి, కణ వేగాలను ఒక గడి బిందువుల దగ్గర, ప్రతిబలాలను (పదార్థం లోపలి ఒత్తిళ్లను) అర గడి పక్కన పెట్టి లెక్కిస్తారు. దానితో మీ ప్రోబ్‌నే కట్టండి. పైన పెర్‌స్పెక్స్ చీలిక, కింద ఉక్కు ప్లేటు. రెండు నియమాలు పాటించాలి. అతి పొట్టి తరంగదైర్ఘ్యానికి కనీసం 10 గడులు ఉండాలి. పీ వేగాన్ని కాల అంతరంతో (ఒక లెక్కకూ తర్వాతి లెక్కకూ మధ్య సమయం) గుణించి గడి పరిమాణంతో భాగిస్తే 0.707 దాటకూడదు, దాటితే అంకెలు కట్టలు తెంచుకుంటాయి.

గడి పరిమాణాన్ని నిర్ణయించేది ఉక్కు కాదు, పెర్‌స్పెక్స్‌లోని ఎస్ తరంగం. అన్నిటికంటే నెమ్మది అదే, సుమారు 1400 మీటర్లు. మీ పల్స్‌లో అత్యధిక పౌనఃపున్యం 2 మెగాహెర్ట్జ్ అనుకుంటే దాని తరంగదైర్ఘ్యం 0.7 మిల్లీమీటరు, అంటే గడి 0.07 మిల్లీమీటరు. కాల అంతరాన్ని నిర్ణయించేది ఉక్కులోని పీ, అది 8 నానోసెకన్ల దగ్గర తేలుతుంది. 60 మి.మీ. పొడవు, 40 మి.మీ. లోతు ముక్కకు ఐదు లక్షల లోపు గడులు. మామూలు ల్యాప్‌టాప్‌కు ఇది బరువు కాదు.

మొదట చీలికను 20 డిగ్రీలకు పెట్టి నడపండి. ఉక్కులో రెండు పుంజాలు కనబడాలి, పీ ముందు, ఎస్ వెనక. తర్వాత 47కు మార్చండి. పీ లోపలికి వెళ్లకూడదు, ఎస్ 60 డిగ్రీల దగ్గర సాగాలి. రాకపోతే మీ కోడ్‌లో తప్పుంది, సరిహద్దు దగ్గర గుణకాల సగటు ఎలా తీశారో చూసుకోండి. అది కుదిరాక ప్లేటు మధ్యలో స్టెయిన్‌లెస్ వెల్డు పెట్టి, అక్కడ వేగం దిశను బట్టి మారేలా చేసి, రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లు జరిగినట్టు కనబడుతుందో లెక్కించి, మీ తెర మీద వచ్చిన కొలతతో పోల్చండి. ముక్క మీ దగ్గరే ఉంది, కొలత మీ దగ్గరే ఉంది. ఆ సౌకర్యం మాకు ఎప్పటికీ లేదు. భూమిని కోసి లోపల చూడలేం కదా.

ఆ రెండు పటాలు, కొలత, లెక్కకూ కొలతకూ మధ్య తేడా ఎందుకు వచ్చిందో ఒక పేరా. ఉద్దేశ పత్రంలో ఇవి ఉంటే చాలు. “చిన్నప్పటి నుంచి భూమి అంటే ఇష్టం” లాంటి వాక్యం ఒక్కటి కూడా రాయవద్దు. కొలత వాడుకోవడానికి మీ సంస్థ అనుమతి మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి, ఆ ముక్క వారిది.

తర్వాత భూకంప దత్తాంశం వైపు రావాలంటే ఆబ్స్‌పై అనే పైథాన్ ఉపకరణం ఉచితం, ప్రపంచంలోని కేంద్రాల రికార్డులు చాలావరకు బహిరంగంగానే దొరుకుతాయి. అది రెండో మెట్టు. ముందు చీలిక సంగతి చూడండి.

గేట్ దరఖాస్తులు ఏటా ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో తెరుస్తారు, పరీక్ష ఫిబ్రవరిలో. దాన్ని వదలవద్దు. 47 డిగ్రీల పటం వచ్చాక ఇక్కడే పెట్టండి, తప్పులుంటే నేను చూస్తాను.

పుత్తూరు_వాసి

అక్కా, కోయంబేడు గారూ, వానచినుకు గారూ, అందరికీ కృతజ్ఞతలు. శనివారం తిరుపతి వెళ్లి గైడు గారిని కలుస్తున్నాను. చీలికకు గడులు గీయడం ఈ రాత్రే మొదలుపెట్టాను. ఏటవాలు సరిహద్దు మెట్లు మెట్లుగా వస్తోంది, దానివల్ల దొంగ ప్రతిధ్వనులు వస్తాయా?

పెన్నేటి_గట్టు

కొంత వస్తాయి. గడిని సగం చేసి మళ్లీ నడపండి, కాల అంతరాన్నీ సగం చేయడం మరవకండి. తగ్గినవి మెట్ల వల్ల వచ్చినవి, తగ్గనివి నిజమైనవి.

కోయంబేడు_నివాసి

బాబూ, రెండో ఎమ్మెస్సీ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా దగ్గర పాత స్టెయిన్‌లెస్ కాలిబ్రేషన్ బ్లాకులు రెండు ఊరికే పడి ఉన్నాయి. మీ సంస్థ అనుమతి ఇవ్వకపోతే వచ్చి వీటి మీద కొలుచుకోండి. ప్రోబ్ మాత్రం మీరే తెచ్చుకోవాలి.